దూరవిద్యార్థికి ఆంగ్లం: పాఠ్యఖండాల ఎంపిక

బడి మానివేసిన పిల్లలందరూ చదువు మీద మనసు విరిగి మానివేసినవారు కారు. మోటారు షెడ్డులో స్పానరు పట్టినవారు, ఇంటి వద్ద బీడీలు చుట్టేవారు, తమ్ముళ్లను చెల్లెళ్లను సాకుతూ ఏడవ తరగతితోనే పుస్తకాలు మూసివేసిన ఆడపిల్లలు మన పట్టణంలో ప్రతి వీధిలోనూ కలరు. వీరిలో చాలామందికి మరల చదువుకోవాలన్న కోరిక ఉన్నది. లేనిదల్లా ప్రతిదినం బడికి వెళ్లే తీరిక. అటువంటి వారి కొరకే దూరవిద్య ఏర్పడినది.

మన కళాశాల కమిటీ పెద్దలు ఆదివారాలలో తరగతి గదులను ఇట్టి విద్యార్థులకు ఇవ్వదలచడం, మన డిగ్రీ విద్యార్థులు కొందరు బోధించుటకు ముందుకు రావడం సంతోషించదగిన విషయాలు. గదులు, బల్లలు, బోధకులు సమకూరిన పిమ్మట కూడా ఒక ప్రశ్న మిగిలి ఉన్నది. ఆంగ్లంలో వీరికి ఏమి నేర్పాలి? ఏది ముందు, ఏది తరువాత, ఏది విడిచిపెట్టదగినది? ఈ ప్రశ్నను మా శక్తి మేరకు పరిశీలించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

తెలుగు చెప్పే మాకు ఆంగ్ల పాఠాలతో ఏమి ప్రసక్తి అని కొందరు అడుగవచ్చును. భాష నేర్పడంలోని కష్టసుఖాలు ఏ భాషకైనా ఇంచుమించు ఒక్కటే. అదీగాక ఇంట ఉర్దూ, బడిలో తెలుగు, పై చదువులో ఆంగ్లం అన్న మూడు దారుల కూడలిలో నిలిచి చదువుకున్నవారం కాబట్టి ఈ విద్యార్థుల తడబాటు మాకు కొంత అనుభవైకవేద్యం.

1. దూరవిద్య స్వరూపం

మన దేశంలో పాఠశాల స్థాయి సార్వత్రిక విద్య 1979లో కేంద్రీయ మాధ్యమిక విద్యామండలి ఆధ్వర్యంలో ఒక ప్రయోగంగా మొదలైనది. అది 1989లో జాతీయ ఓపెన్ స్కూలుగా రూపొంది, 2002లో జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ అన్న పేరు ధరించినది. మన ప్రాంతంలో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విద్యాపీఠం 1991లో వెలసినది. 2014 రాష్ట్ర విభజన పిమ్మట తెలంగాణకు వేరుగా సార్వత్రిక విద్యాపీఠం ఉన్నది.

జాతీయ సంస్థలో ప్రాథమిక విద్యకు ఎ, బి, సి అని మూడు మెట్లు కలవు. ఇవి వరుసగా మూడవ, ఐదవ, ఎనిమిదవ తరగతులకు సమానం. వాటిపైన పదవ తరగతికి సమానమైన మాధ్యమిక కోర్సు ఉన్నది. దానిలో చేరుటకు పదునాలుగేండ్లు నిండి ఉండాలి. పై వయోపరిమితి లేదు. ఐదు విషయాలు ఉత్తీర్ణులు కావాలి. వాటిలో ఒకటి లేక రెండు భాషలు ఉండవచ్చును. ఒకసారి నమోదైన విద్యార్థికి ఐదేండ్ల కాలంలో తొమ్మిది పర్యాయాలు పరీక్ష వ్రాసే అవకాశం కలదు. ఒక విషయంలో ఉత్తీర్ణుడైతే ఆ ఫలితం అతని ఖాతాలో నిలిచి ఉంటుంది.

ఈ ఉదారమైన ఏర్పాటులో ఒక చిక్కు కూడా దాగి ఉన్నది. ఐదవ తరగతితో చదువు మానిన విద్యార్థి వయస్సు నిండగానే నేరుగా పదవ తరగతి పుస్తకం ముందు కూర్చుంటున్నాడు. నడుమనున్న ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల ఆంగ్లం అతనికి ఎవరూ చెప్పలేదు. మేడ పై అంతస్తు ఉన్నది, మెట్లు లేవు. మనం ఆదివారం తరగతుల ద్వారా కట్టవలసినవి ఆ మెట్లే. ఒక్కొక్క మెట్టునే ఈ వ్యాసంలో పాఠ్యఖండం అంటున్నాము. కొందరు దీనినే మాడ్యూల్ అంటారు. దానికి ఒక ఆరంభం, ఒక ముగింపు, ఒక ప్రయోజనం ఉండాలి. తక్కిన భాగాలు రాకపోయినా అంతవరకు అది పూర్తి అయినదిగా నిలవాలి.

2. కాలం లెక్క

ఎంపిక ఎందుకు అవసరమో లెక్క చూచిన తెలుస్తుంది. బడిలో వారానికి ఆరు పీరియడ్లు, ఒక్కొక్కటి ముప్పావుగంట, సంవత్సరానికి ముప్పది ఆరు వారాలు అనుకుందాం. అది 162 గంటలు అవుతుంది. ఆరు నుండి ఎనిమిది వరకు మూడేండ్లకు 486 గంటలు. మన ఆదివారం విద్యార్థికి పండుగలు, పెండ్లిళ్లు, పనిరోజులు పోగా ఏడాదికి ముప్పది ఆదివారాలు, పూటకు రెండు గంటలు దొరికితే మొత్తం అరవై గంటలు. బడిపిల్లవానికి దొరికిన కాలంలో ఇది ఎనిమిదవ వంతు మాత్రమే. కాబట్టి బడి పాఠ్యప్రణాళికను అదే వరుసలో తొందరగా చెప్పివేయడం ఎంపిక అనిపించుకోదు. అలా చేస్తే ఏదీ నిలవదు.

3. మా పొరపాటు

కొన్నేండ్ల క్రిందట ఒక అధ్యయన కేంద్రంలో ఆదివారాలు బోధించే అవకాశం మాకు కలిగినది. ఆంగ్ల బోధకులు దొరకనందున ఆ తరగతి కూడా మేమే తీసుకున్నాము. మేము చదువుకున్న రీతిలోనే మొదటి నాలుగు ఆదివారాలు ఎనిమిది భాషాభాగాలు, వాటి నిర్వచనాలు, ఉదాహరణలు నల్లబల్ల నిండా వ్రాసి వల్లె వేయించాము. ముప్పదిమంది ఉన్న తరగతి ఐదవ ఆదివారానికి సగమయింది.

రాని విద్యార్థినులలో ఒకరి తల్లి ఒకనాడు బజారులో మాకు ఎదురైనది. చేతిలో మాత్రల అట్ట ఉన్నది. "నెల రోజులు మీ దగ్గర ఇంగ్లీషు చదివింది కదా సార్! ఈ మందుకు గడువు దాటిపోయిందో లేదో చూడమ్మా అంటే తెలియదంటున్నది. మరి ఏం చదివినట్టు?" అని ఆమె అడిగినది. ఆ మాటలో నిష్ఠూరం లేదు. తెలుసుకోవాలన్న ఆరాటమే ఉన్నది. ఆ బాలిక నామవాచకం నిర్వచనం తప్పులేకుండా చెప్పగలదు. నెల పేరు, సంవత్సరం అంకెలు పక్కపక్కన అచ్చువేసి ఉన్న ఒక్క పంక్తిని మాత్రం చదువలేదు. ఆ లోపం ఆమెది కాదు, మాది.

4. నడుమ ఆగినా దక్కే విలువ

ఆ తరువాతనే మాకు మైకేల్ వెస్ట్ అభిప్రాయం యొక్క లోతు తెలిసినది. ఈయన అవిభక్త భారతదేశంలో విద్యాశాఖలో ఉద్యోగం చేసి, ఢాకాలో బెంగాలీ విద్యార్థుల ఆంగ్ల విద్యను ఏండ్ల తరబడి పరిశీలించిన పండితుడు. 1926లో వెలువడిన తన గ్రంథంలో జీవితబీమా నుండి ఒక పదాన్ని తెచ్చి విద్యకు అన్వయించాడు. అదే సరెండర్ విలువ. పాలసీదారుడు గడువు తీరక ముందే పాలసీని వదలుకుంటే చేతికి వచ్చే మొత్తాన్ని ఆ పేరుతో పిలుస్తారని మనకందరకు తెలిసినదే. అలాగే చదువును నడుమ మానివేసిన విద్యార్థికి, అంతవరకు చదివినదానిలో నుండి నికరంగా దక్కినది ఎంత అని వెస్ట్ ప్రశ్నించాడు. మాట్లాడడం, వ్రాయడం సగంలో ఆగితే మిగిలేది స్వల్పమనీ, చదివి గ్రహించే శక్తి ఏ దశలో ఆగినా ఎంతో కొంత ఉపయోగపడుతుందనీ ఆయన నిర్ణయం.

బడిపిల్లవాని విషయంలో ఈ సూత్రం మంచిదే. దూరవిద్యార్థి విషయంలో ఇది ప్రాణప్రదమైనది. ఎందువల్లననగా అతడు ఎప్పుడు ఆగిపోతాడో మనకు తెలియదు, అతనికీ తెలియదు. తండ్రికి జబ్బు చేయవచ్చు, పెండ్లి కుదరవచ్చు, గల్ఫుకు వీసా రావచ్చు. కాబట్టి ప్రతి ఖండాన్నీ ఎంచుకొనే ముందు మూడు ప్రశ్నలు వేసుకొనడం ఉచితం.

మొదటిది: విద్యార్థి ఇంతటితో ఆగిపోతే రేపు ఉదయం అతడు నిన్న చేయలేని ఏ పని చేయగలడు?

రెండవది: వారంలో తక్కిన ఆరు దినాలు గురువు లేకుండా ఇంటి వద్ద తానే దీనిని అభ్యాసం చేయగలడా?

మూడవది: దీనికి ముందు రావలసినది వచ్చినదా?

ఈ మూడింటిలో మొదటి ప్రశ్నకు సమాధానం లేని ఖండాన్ని ఎంత పెద్ద పుస్తకంలో ఉన్నా వెనుకకు జరుపవచ్చునని మా అభిప్రాయం.

5. ఆరు ఖండాలు

ఈ సూత్రాన్ని అనుసరించి అరవై గంటలను ఆరు ఖండాలుగా విభజించి చూపుతున్నాము.

మొదటి ఖండం, పది గంటలు: చెవికి తెలిసిన మాటలు కంటికి తెలియడం. ఆంగ్లం రాదనుకొనే విద్యార్థి నోట దినమంతా ఆంగ్ల పదాలు దొర్లుతూనే ఉంటాయి. బస్సు, టికెట్టు, రేషను, డాక్టరు, ఫీజు, చార్జర్, బ్రేకు, క్లచ్చి, బటను, కాలరు మొదలైనవి వందకు తక్కువ ఉండవు. షెడ్డులో పనిచేసే కుర్రవానికి పనిముట్ల పేర్లన్నీ ఆంగ్లమే. అర్థం తెలిసిన ఈ పదాలతోనే చదవడం మొదలుపెడితే అక్షరం ఒక్కటే కొత్త, మాట పాతదే. పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు, అంకెలు, నెలల పేర్లు ఈ ఖండంలోనే పూర్తి కావాలి. మాత్రల అట్ట చదవడం దీనికి ముగింపు పరీక్ష.

రెండవ ఖండం, ఆరు గంటలు: పేరు, చిరునామా, దరఖాస్తు. ఇది అల్పమైన విషయమని తోచవచ్చు. మన సమాజంలో దీని వలన పడే అగచాట్లు అందరకు తెలిసినవే. మొహమ్మద్ అన్న ఒక్క పేరును ఆంగ్లంలో వ్రాసే రీతులు అరడజనుకు తక్కువ లేవు. మొదటి అక్షరం తరువాత 'ఓ' అని కొందరు, 'యు' అని కొందరు; చివర 'ఈ, డీ' అని కొందరు, 'ఏ, డీ' అని కొందరు; 'ఎండీ' అని రెండక్షరాలతో ముగించేవారు మరికొందరు. షేక్ అన్న ఇంటిపేరు ఒక కాగితంలో ముందు, మరొక కాగితంలో వెనుక. ఆధార్ కార్డులో ఒక రీతిగా, పదవ తరగతి సర్టిఫికెట్టులో మరొక రీతిగా పడిన పేరును సరిచేయించుకొనుటకు ఎన్ని పనిదినాలు పోతాయో అనుభవించినవారికే తెలుసు. తన పేరు, తల్లిదండ్రుల పేర్లు, పుట్టినతేదీ ఎప్పుడు వ్రాసినా ఒకే రీతిగా వ్రాయగలగడం, ఇతరులు తప్పు వ్రాసినప్పుడు అక్కడికక్కడే గుర్తించి చెప్పగలగడం ఈ ఖండం లక్ష్యం. దరఖాస్తు నింపడం పరీక్ష నమోదుకు కూడా మొదటి మెట్టే.

మూడవ ఖండం, పదునాలుగు గంటలు: చదివి గ్రహించడం. బస్సుల వేళల పట్టిక, కరెంటు బిల్లు, నోటీసు, మందు వాడే విధానం, చిన్న వార్త, పది వాక్యాల కథ వరుసగా వస్తాయి. 1979 నుండి 1984 వరకు బెంగుళూరు, మద్రాసు ప్రాంతాల కొన్ని పాఠశాలలలో ఎన్.ఎస్. ప్రభు గారు నడిపిన ప్రయోగం ఇక్కడ స్మరణీయం. వ్యాకరణ సూత్రాలు ముందు చెప్పక, రైళ్ల వేళల పట్టిక, పటం వంటివి ఇచ్చి లెక్క తేల్చమని, దారి చెప్పమని అడుగుతూ భాషను నేర్పినారు. విద్యార్థి మనస్సు పని మీద లగ్నమై ఉండగా భాష దానంతట అది పట్టుబడుతుందని వారి విశ్వాసం. పదాల ఎంపికలో వెస్ట్ 1953లో ప్రకటించిన సుమారు రెండువేల పదాల పట్టిక నేటికీ మంచి మార్గదర్శి. మనం దానిలో మొదటి అయిదారు వందలు చాలుననుకొనవచ్చును.

నాల్గవ ఖండం, పదునాలుగు గంటలు: వాక్యం. వ్యాకరణానికి మేము విరోధులం కాము. దాని చోటు ఇది అని మాత్రమే మా మనవి. నలభై, ఏభై చిన్న వాక్యాలను చదివి అర్థం చేసుకొన్న విద్యార్థికి వాక్యం అమరిక చూపితే వెంటనే తలకెక్కుతుంది. వర్తమానం, భూతం, ప్రశ్న, నిషేధం అన్న నాలుగింటికే మొదట పరిమితం కావాలి. కర్మణి ప్రయోగం, ప్రత్యక్ష పరోక్ష కథనాలు, విశేషణాల తరతమ రూపాల పరివర్తనలు చివరకు నెట్టదగినవి.

ఐదవ ఖండం, పది గంటలు: వ్రాయడం. సెలవుచీటీ, ఫిర్యాదు, ఉత్తరం, చదివిన భాగంపై ప్రశ్నలకు రెండు మూడు వాక్యాల జవాబు. ఒక కథ, ఒక పద్యం కూడా ఈ ఖండంలో చేర్చవలెనని మా కోరిక. పని కోసమే భాష అన్న భావం విద్యార్థికి కలుగరాదు. షెడ్డులో పనిచేసే బాలునికి కూడా కథను ఆస్వాదించే హక్కు ఉన్నది.

ఆరవ ఖండం, ఆరు గంటలు: వినడం, మాట్లాడడం. దీనిని చివర పేర్కొన్నామే గాని, ప్రతి ఆదివారం పన్నెండు నిమిషాల చొప్పున మొదటి నుండి నడపవలెను. బోధకులు చదివిన పాఠాన్ని సెల్ ఫోనులో రికార్డు చేసి ఇస్తే పని చేసుకుంటూనే వినవచ్చును. బీడీలు చుట్టే చేతులకు తీరిక లేకపోయినా చెవులకు ఉన్నది.

అందరూ మొదటి ఖండం నుండే మొదలుపెట్టనవసరం లేదు. చేరిన దినాన పది నిమిషాలలో దుకాణం బోర్డు చదివించి, చిన్న దరఖాస్తు నింపించి, ఆరు వాక్యాల కథ ఇచ్చి చూస్తే ఎవరిని ఎక్కడ కూర్చోబెట్టాలో తేలిపోతుంది.

6. రెండు మాతృభాషలు, రెండు రకాల తడబాట్లు

మన తరగతిలో ఉర్దూ చదివినవారు, తెలుగు చదివినవారు కలసి ఉంటారు. వీరి ఇబ్బందులు ఒక్కటి కావు.

తెలుగులో వ్రాసినది వ్రాసినట్లు చదువుతాము. కాబట్టి తెలుగు విద్యార్థికి ఆంగ్ల వర్ణక్రమం అన్యాయంగా తోస్తుంది. పిల్లికి, రాజుకు, రాణికి ఆంగ్ల పదాలలో మొదటి ధ్వని 'క' అయి ఉండగా మూడు వేర్వేరు అక్షరాలు ఎందుకని అతడు అడుగుతాడు. ఉర్దూ విద్యార్థికి ఇది కొత్త కాదు. 'స' ధ్వనికి సే, సీన్, స్వాద్ అని మూడు అక్షరాలను అతడు ఇదివరకే నేర్చినాడు. హ్రస్వాచ్చులు వ్రాయకుండానే మాటను గుర్తుపట్టడం అతనికి అలవాటు. అక్షరం మాట మొదట ఒక రూపం, నడుమ ఒక రూపం, చివర ఒక రూపం పొందడం ఎరిగినవానికి ఆంగ్లంలోని పెద్ద, చిన్న అక్షరాలు భయం గొల్పవు. ఉర్దూ చదువు ఆంగ్లానికి అడ్డు అని భావించే తల్లిదండ్రులు ఈ విషయం గమనించవలెను. అతనికి కావలసినదల్లా ఎడమ నుండి కుడికి చేయి తిరగడానికి కొన్నాళ్ల అభ్యాసం.

ఉచ్చారణలో ఉర్దూవారు స్కూలును 'ఇస్కూల్' అంటారు. తెలుగువారు పెన్నును, బస్సును ఉకారాంతం చేస్తారు. ఒకరినొకరు నవ్వుకొనడానికి బదులు ఒకరినొకరు దిద్దుకొనేటట్లు జంటలుగా కూర్చోబెట్టవచ్చును.

వాక్య నిర్మాణంలో మాత్రం ఇద్దరూ ఒకే పడవలో ఉన్నారు. 'నేను నీళ్లు తాగుతాను', 'మైఁ పానీ పీతా హూఁ' అన్న రెండింటిలోనూ క్రియ చివర వస్తుంది. ఆంగ్లంలో అది నడుమకు వచ్చి 'ఐ డ్రింక్ వాటర్' అవుతుంది. 'బల్ల మీద', 'మేజ్ పర్' అని మనం వెనుక చేర్చేదానిని ఆంగ్లం ముందుకు తెస్తుంది. 'నాకు ఇద్దరు అన్నలు ఉన్నారు' అన్నచోట 'ఐ హ్యావ్' అని కర్తను మార్చవలసి వస్తుంది. నాల్గవ ఖండంలో ఈ మూడు తేడాలను మాతృభాష సహాయంతో నల్లబల్లపై పక్కపక్కన వ్రాసి చూపితే వంద నిర్వచనాల పని ఒక్క గంటలో జరుగుతుంది.

7. పరీక్ష మాటేమిటి?

ఇదంతా బాగానే ఉన్నది, విద్యార్థికి కావలసినది సర్టిఫికెట్టు కదా, పరీక్షలో వచ్చేవి మాత్రమే చెప్పరాదా అని పెద్దలు అడుగవచ్చును. ఆ ప్రశ్న న్యాయమైనదే. పదవ తరగతి కాగితం లేనిదే ఎన్నో ఉద్యోగాల గడప కూడా తొక్కలేరు. అయితే చదివి గ్రహించడం, వాక్యం వ్రాయడం రాని విద్యార్థి బట్టీపట్టిన వ్యాసంతో ఎంత దూరం పోగలడు? ప్రశ్న కొద్దిగా మారిన నాడు అతని చేతిలో ఏమీ ఉండదు. మొదటి ఐదు ఖండాలు పరీక్షకు పునాదియే గాని ప్రత్యామ్నాయం కాదు. ఆ పిమ్మట మిగిలిన నెలలు పరీక్షా పుస్తకానికి, పాత ప్రశ్నపత్రాలకు కేటాయించవచ్చును.

తొందర కూడా అవసరం లేదు. జాతీయ సంస్థలో తొమ్మిది అవకాశాలు ఉన్నప్పుడు, ఆంగ్లానికి సిద్ధం కాని విద్యార్థి ముందుగా ఉర్దూ లేక తెలుగు భాషను, తక్కిన విషయాలను పూర్తిచేసుకొని, ఆంగ్లాన్ని తరువాతి పరీక్షకు ఉంచుకొనవచ్చును. ఒక ఉత్తీర్ణత మరొకదానికి ధైర్యం ఇస్తుంది. నిబంధనల ప్రకారం ఒక్క భాషతోనే మాధ్యమిక కోర్సు ముగించే వీలున్నా, ఆంగ్లాన్ని పూర్తిగా విడిచిపెట్టమని మాత్రం మేము చెప్పము. ముందు ఏ చదువులో, ఏ పనిలో ప్రవేశించదలచారో దాని నిబంధనలు చూచుకొన్న తరువాతనే ఆ నిర్ణయానికి రావలెను.

8. ముగింపు

1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉర్దూను బోధనామాధ్యమంగా స్వీకరిస్తూనే ఆంగ్లాన్ని అందరూ చదువవలసిన విషయంగా ఉంచినది. మాతృభాషలో ఆలోచన, ఆంగ్లంలో ప్రవేశం అన్న రెండింటికీ వైరం లేదని ఆనాటి పెద్దలు గ్రహించినారు. మన ఆదివారం తరగతికి అంతటి ఘనత లేకపోవచ్చును. సూత్రం మాత్రం అదే.

కమిటీ పెద్దలకు మా మనవి రెండు విషయాలు. తరగతి ఫలితాన్ని పరీక్షలో నెగ్గినవారి సంఖ్యతో మాత్రమే కొలువవద్దు. ప్రతి విద్యార్థికి ఒక చిన్న కార్డు ఇచ్చి, పూర్తి చేసిన ఖండాన్ని అందులో వ్రాసి సంతకం చేయించండి. నడుమ ఆగినవారు రెండేండ్ల తరువాత వచ్చినా ఆగినచోట నుండే సాగగలగాలి.

బోధించబోవు విద్యార్థి మిత్రులకు మా మనవి ఒక్కటే. మీ ఎదుట కూర్చున్న ముప్పదిమందిలో సగం మంది వచ్చే నెల రాకపోవచ్చును. ఎవరు రారో మీకు తెలియదు. కావున ప్రతి ఆదివారం వారికి అదే చివరి పాఠమన్నట్లుగా చెప్పండి. ఆనాడు ఇంటికి వెళ్లిన బాలిక తల్లి చేతిలోని మాత్రల అట్టను తీసుకొని, గడువు ఇంకా ఉన్నదని నిశ్చయంగా చెప్పగలిగితే ఆ రెండు గంటలు సార్థకమైనట్లే.